సలోమీ టీచరమ్మ ‘వెళ్ళు’ అన్న రోజు

నరసరావుపేట నుంచి గుంటూరు వచ్చే పొద్దుటి రైలు నల్లపాడు దగ్గర కాసేపు నిలబడుతుంది. ఎందుకు నిలబడుతుందో ఇన్నేళ్ళుగా ఎక్కుతున్న నాకూ తెలియదు. మాఘమాసం వచ్చిందంటే చాలు, ఆ నిలబడినంతసేపూ కిటికీలోంచి మిరప ఘాటు లోపలికి వస్తుంది. మొదట ముక్కు చివర సన్నగా చురుక్కుమంటుంది, తర్వాత గొంతులోకి దిగుతుంది. పెట్టెలో ఒకరు తుమ్ముతారు, ఇంకొకరు దగ్గుతారు, ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుంటారు, ఎవరో విసుక్కుంటూ కిటికీ దించేస్తారు. నా పక్క కిటికీని మాత్రం నేను దించనివ్వను. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే అలాగే కూర్చుంటాను. ఎదుటి సీటువాళ్ళు పాపం ఈవిడకేదో కష్టమొచ్చిందనుకుంటారు. ఆ మసక చూపుకు పట్టాల అవతల ఎర్రటి కళ్ళాలు, వాటి వెనక ఒక పెంకుల వసారా, ఆ వసారాలో ఒక తెల్లచీర కనిపిస్తాయి. కళ్ళాలు ఇప్పటికీ ఉన్నాయి. వసారా, తెల్లచీర లేవు.

తెల్లచీర సలోమీ టీచరమ్మది. మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. పేపర్లలో పడే మనిషి కాదు, ఆవిడ పేరున ఏ వీధీ లేదు. కనిగిరి పక్క మెట్టపొలాల్లో కూలికి వెళ్ళే తల్లిదండ్రులకు పుట్టి, మిషన్ బడిలో చదువుకుని, అదే బడిలో చాలాకాలం పాఠాలు చెప్పి, పెళ్ళి ఊసెత్తిన వాళ్ళను “నాకు టైమెక్కడుందమ్మా” అని పంపించేసి, చివరికి నల్లపాడు పక్కనున్న ఒక పిల్లల హోముకు పెద్దగా వచ్చారు. తల్లిదండ్రులు లేని పిల్లలు పాతికమంది దాకా ఉండేవారక్కడ. ఊళ్ళోవాళ్ళు అనాథాశ్రమం అనేవారు. ఆ మాట గేటు లోపల ఎవరైనా అంటే టీచరమ్మ ఊరుకునేవారు కాదు. “పిల్లలున్నారు, పొయ్యి వెలుగుతోంది. ఇల్లనటానికి ఇంకేం కావాలయ్యా?” అని గదమాయించేవారు. మనిషి పొట్టి. గొంతు మాత్రం కళ్ళం అవతలి గట్టుమీదికి వినపడేది.

తొంభైల చివర్లో, బి.ఏ. పాసై టైపు నేర్చుకుని ఖాళీగా ఉన్న నన్ను మా పాస్టరుగారు ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళారు. “ఇంగ్లీషు వచ్చా?” అని అడిగారు టీచరమ్మ. వచ్చన్నాను, కొంచెం గర్వంగానే. “ఏడ్చే పిల్లని ఎత్తుకోటం వచ్చా?” అన్నారు. తెల్లముఖం వేశాను. “సరే, ఒకటి వచ్చు, ఒకటి నేర్చుకుంటావు” అని ఆ మధ్యాహ్నమే చేర్చుకున్నారు. విదేశాల నుంచి పిల్లల కోసం వచ్చే ఉత్తరాలకు జవాబులు కొట్టడం, మనుషులు వస్తే వాళ్ళ మాట మాకూ మా మాట వాళ్ళకూ చెప్పడం నా పని. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఎవరి మనసూ నొప్పించకుండా ఈ లోకంలో బతికెయ్యవచ్చని గట్టి నమ్మకం. ఎవరికైనా చేదు కబురు చెప్పాల్సి వస్తే దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి మంచి కబురులా వినిపించే విద్య నాకు పుట్టుకతో వచ్చింది. మా అమ్మ దాన్ని నోటి మంచితనం అని మురిసిపోయేది.

ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. ఏ పిల్లకైనా తల్లిదండ్రులు దొరికి వెళ్ళిపోయే రోజు మిగతా పిల్లలంతా గేటు దగ్గర వరసగా నిలబడతారు. వెళ్ళే పిల్ల అందరి ముఖాలూ చూసి “వెళ్ళొస్తా” అనాలి. ఉన్న పిల్లలు “మంచిది, రా” అనాలి. ఎవరైనా నోరు జారి ‘పోతున్నా’ అన్నారో, టీచరమ్మ చెవి పట్టుకునేవారు. “పోతా అనేది చచ్చినోళ్ళే. బతికున్నోళ్ళు వెళ్ళొస్తా అంటారు” అనేవారు. మనందరి ఇళ్ళలోనూ ఉన్న మర్యాదే ఇది. మనం దాని గురించి ఆలోచించం. నేను కూడా ఆలోచించలేదు. వెళ్ళిన పిల్లల్లో ఒక్కరూ మళ్ళీ రాలేదన్న సంగతి కూడా, సిగ్గుతో చెబుతున్నాను, అప్పటికి నాకు తట్టలేదు.

ఎరిక్, ఇంగ్రిడ్ వచ్చింది మిరప కోతల రోజుల్లోనే. డెన్మార్క్ దేశపు క్రైస్తవ దంపతులు. రిక్షా దిగుతూనే ఇద్దరికీ దగ్గు అందుకుంది. ఎరిక్ గేటు పట్టుకుని వంగిపోయాడు. ఇంగ్రిడ్ కళ్ళు తుడుచుకుంటూ, ఇక్కడ ఏదైనా తగలబడుతోందా అని ఇంగ్లీషులో నన్నడిగింది. లేదండీ, ఆరబెట్టారు అన్నాను. వాళ్ళకూ ఇంగ్లీషు పరాయి భాషే, నాకూ పరాయిదే. రెండు కుంటి ఇంగ్లీషులు ఒకదాన్నొకటి పట్టుకుని నడిచాయి. దొరలంటే ఏదో పెద్ద ఉద్యోగాలనుకున్న మా వంటింటి ఆడవాళ్ళకు, ఎరిక్ బడిలో వడ్రంగం నేర్పుతాడనీ, ఇంగ్రిడ్ సైకిలు మీద ఇంటింటికీ ఉత్తరాలు పంచుతుందనీ చెబితే ఎంతకీ నమ్మలేదు. “మా పోస్టుమ్యానుకి జీతం పెంచమని ఈమెతో చెప్పించు” అని నవ్వారు. ఇంగ్రిడ్ అనే పేరు వాళ్ళ నోట రెండు రోజుల్లోనే ఇంగువమ్మ అయింది. ఆమెకు అర్థం చెబితే ఆమె కూడా నవ్వి, ఇంగువ డబ్బా తెప్పించుకుని వాసన చూసి, వెంటనే మూత పెట్టేసింది.

వాళ్ళు వచ్చింది మణి కోసం. మణికి ఐదేళ్ళు. మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే చోట పనిచేసిన తల్లి జబ్బుచేసి చనిపోతే, తరఫువాళ్ళెవరూ రాకపోతే, రెండేళ్ళ వయసులో మా దగ్గరికి చేరింది. నల్లగా, చురుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండేది. పిల్లలు లేని ఎరిక్ దంపతులు దరఖాస్తు పెట్టి ఏడేళ్ళు ఎదురుచూశారు. మొదట ఊయల కొన్నారట. కొన్నాళ్ళకు దాన్ని ఎవరికో ఇచ్చేసి చిన్న మంచం చేశాడట ఎరిక్. ఆ మంచం ఎదురుగా కిటికీ ఉంటుందనీ, శీతాకాలమంతా ఆ కిటికీలోంచి తెల్లగా తప్ప ఇంకేమీ కనిపించదనీ ఇంగ్రిడ్ చెప్పింది. కిటికీ తలుపులు ఏడేళ్ళుగా రోజూ తుడుస్తోందట. చెబుతున్నంతసేపూ ఆమె మణి వైపు చూడలేదు. చూస్తే ఏమైపోతుందోనన్నట్టు నేలచూపులు చూసింది.

మొదటి ఆదివారం ప్రార్థన గుర్తుంది. హార్మోనియం మీద ఒక పాత కీర్తన మొదలవగానే ఎరిక్ దంపతులు తలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు. రాగం వాళ్ళకు తెలిసినదే. మేము తెలుగులో పాడుతుంటే వాళ్ళు వాళ్ళ భాషలో గొంతు కలిపారు. ఆగినచోట ఆగారు, సాగదీసిన చోట సాగదీశారు. మాట ఒక్కటీ అర్థం కాలేదు, అయినా ఎక్కడా తేడా రాలేదు. వాకిట్లోంచి ఎర్రటి ఎండ, ఆ ఎండలో తేలుతున్న దుమ్ము, ఇంగ్రిడ్ పక్కన ఆమె గౌను అంచు నోట్లో పెట్టుకుని నములుతున్న మణి. ఆ నాలుగు నిమిషాలూ నాకు ఇప్పటికీ ఎక్కడో జరుగుతూనే ఉన్నాయనిపిస్తుంది.

పది రోజులు తిరిగేసరికి మణి వాళ్ళను వదలడం లేదు. ‘ఇంగమ్మా’ అని పిలుస్తూ వెంట తిరిగేది. విమానం గురించి అడిగేది. నేను ఆ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, “విమానమెక్కి వాళ్ళూరు చూసొస్తావు, మంచులో ఆడుకునొస్తావు, సరేనా” అని ముద్దుచేసేదాన్ని. ఐదేళ్ళ పిల్లకు ఇంతకంటే ఏం చెబుతాం అనుకున్నాను.

అప్పటి చట్టంలో క్రైస్తవులకు దత్తత అన్న మాట లేదు. మన జిల్లా కోర్టు వాళ్ళను పిల్లకు సంరక్షకులుగా నియమిస్తే, వాళ్ళ దేశం తీసుకెళ్ళి అక్కడ దత్తత చేసుకోవాలి. ఆ ఉత్తర్వు కోసం గుంటూరు వెళ్ళాం. జడ్జిగారు పిల్లను తన గదిలోకి పిలిపించుకున్నారు. పెద్దవయసు మనిషి, మెత్తటి గొంతు. టీచరమ్మ, మా వకీలు, ఎరిక్ దంపతులు, వాళ్ళ పక్కన నేను.

“నీ పేరేంటమ్మా?”

“మణి.”

“వీళ్ళెవరు?”

“ఇంగమ్మ. ఎరికి నాన్న.”

“వీళ్ళతో వెళ్తావా?”

“ఆఁ, వెళ్ళొస్తా” అంది మణి ఉషారుగా.

రాయబోతున్న జడ్జిగారు ఆగారు. కలం కింద పెట్టారు. “ఎప్పుడొస్తావు తల్లీ?” అని అడిగారు.

“ఆదివారం” అంది మణి. “ఆదివారం మా ఇంట్లో కోడిగుడ్డు పెడతారు.”

జడ్జిగారు కళ్ళజోడు తీసి మా వైపు చూశారు. “ఈ పిల్లకి వెళ్ళిపోతున్నానని తెలియదు. తిరిగొస్తానని ఎవరు చెప్పారు?” అన్నారు. నేను తల దించుకున్నాను. టీచరమ్మ ఒక అడుగు ముందుకు వేసి, “మేమేనండి” అన్నారు. మూడు వారాలు గడువు ఇచ్చారాయన. పిల్లకు నిజం తెలిసి, తెలిసి కూడా వస్తానంటేనే ఉత్తర్వు ఇస్తాననీ, లేకపోతే కొట్టేస్తాననీ చెప్పారు. ఎరిక్ దంపతుల వీసా గడువు ఆ మూడు వారాల మీద ఇంకో రెండు రోజులే ఉంది.

వరండాలోకి రాగానే ఇంగ్రిడ్ నా చెయ్యి పట్టుకుంది. “ఆయన కలం ఎందుకు కింద పెట్టాడు? మణి ఏమంది?” అని అడిగింది. పాలిపోయిన ఆ ముఖం చూసి నా నోటి మంచితనం మేల్కొంది. ఏమీ లేదు, జడ్జిగారికి పనులెక్కువ, వాయిదా వేశారు, మామూలే అని చెప్పాను. ఆమె గట్టిగా ఊపిరి వదిలి నవ్వింది.

“ప్రసన్నా” అని పిలిచారు టీచరమ్మ వెనకనుంచి. ఆవిడకు ఇంగ్లీషు మాట్లాడటం అలవాటు లేదు గానీ, విని అర్థం చేసుకోవడం బాగా వచ్చు. “లోపల ఆయన చెప్పింది ఏంది, నువ్వామెకి చెప్పింది ఏంది?”

“కంగారు పడతారని...”

“పడనియ్యి. ఆమె బిడ్డ సంగతది. నువ్వు మధ్యన నిలబడ్డావు. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేర్చటమే నీ పని. పంచదార కలపమని నిన్నెవరడిగారు?” ఆవిడ అరవలేదు. ఎప్పుడూ కళ్ళం దాటి వినపడే ఆ గొంతు ఆ రోజు నాకొక్కదానికే వినపడింది. “ఇప్పుడే, ఇక్కడే, మొత్తం చెప్పు.”

చెప్పాను. మణి అన్నదీ, ఆదివారమూ, కోడిగుడ్డూ, అన్నీ చెప్పాను. మంచులో ఆడుకునొస్తావని పిల్లకు చెప్పింది నేనేనని కూడా చెప్పాను. ఎరిక్ గోడకు ఆనుకున్నాడు. ఇంగ్రిడ్ కోర్టు మెట్ల మీద కూర్చుండిపోయింది. పిల్లకు నిజం చెబితే రానంటుందేమో కదా అంది. ఆ మాటను నేను ఉన్నదున్నట్టే తెలుగులో చెప్పాను. టీచరమ్మ వెళ్ళి ఆమె పక్కన మెట్టుమీద కూర్చున్నారు. “అనొచ్చు” అన్నారు. నేను దాన్నీ చెప్పాను.

తిరిగొచ్చి గేటు దగ్గర దిగాక టీచరమ్మ అక్కడే నిలబడి, “ఇన్నేళ్ళు ఈడ నిలబెట్టి పిల్లలచేత ఆ మాట నేనే అనిపించానే” అన్నారు. “ఉన్నోళ్ళు ఏడవకుండా ఉంటారని. వెళ్ళినోళ్ళలో ఎంతమంది ఏ ఊళ్ళో ఆదివారాలు లెక్కపెట్టుకున్నారో.” ఆవిడ కళ్ళనీళ్ళు అంతకుముందు నేను చూడలేదు. మిరప ఘాటు అనుకుందామన్నా అది గాలి లేని పూట.

మర్నాడు పొద్దున వసారాలో మణికి జడ వేస్తూ చెప్పారు టీచరమ్మ. ఎరిక్ దంపతులను ఎదురుగా కూర్చోమన్నారు. ప్రతి మాటా వాళ్ళకు చెప్పమని నాకు ముందే చెప్పారు. మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టారు. “మణీ, ఈళ్ళు నిన్ను ఊరు చూపించటానికి తీసుకెళ్ళట్లేదు. ఆళ్ళింట్లోనే ఉంటావు. ఆళ్ళే నీ అమ్మా నాన్న.” సగం జడ విప్పి మళ్ళీ మొదలుపెట్టారు. “ఆదివారం రావు. పండక్కి రావు. నేను రోజూ కనపడను.” మళ్ళీ విప్పారు. మూడోసారి అల్లుతుంటే మణి తల తిప్పి, “ఎప్పటికీ?” అంది. టీచరమ్మ చేతిలో రిబ్బను ఊరికే అటూ ఇటూ చుట్టుకుంది. “ఎప్పటికీ అనే అనుకోమ్మా” అన్నారు. సగం అల్లిన జడతోనే మణి లేచి పరిగెత్తి, పడుకునే చాపలు పెట్టే గదిలో దూరి తలుపు వేసుకుంది.

నాలుగు రోజులు ఆ పిల్ల ఇంగ్రిడ్ దగ్గరికి రాలేదు. ఆమె కనిపిస్తే చాపల గదిలోకి దూరేది. నాకు భయం పట్టుకుంది. ‘కావాలంటే వచ్చేద్దువుగానిలే’ అని చెవిలో చెబితే అంతా చక్కబడుతుందని ఎన్నిసార్లు అనిపించిందో లెక్కలేదు. ఐదోరోజు మణి తలుపు సందులోంచి ఇంగ్రిడ్‌ను చూసి, “నువ్వే ఇక్కడ ఉండొచ్చుగా?” అంది. ఇంగ్రిడ్ నా వైపు చూసింది. టీచరమ్మ కూడా చూశారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంగ్రిడ్ గుమ్మం ముందు నేలమీద కూర్చుని తలుపుకు జవాబు చెప్పింది: “ఉండలేను. నా ఇల్లు, పని, మా అమ్మ అక్కడున్నారు. నువ్వు రావాలని నాకు చాలా కోరిక. రానంటే ఏడుస్తాను, కోపం మాత్రం రాదు.” ఇదీ ఉన్నదున్నట్టే చెప్పాను. తలుపు తెరుచుకోలేదు.

ఆ సాయంత్రం నుంచి ఇంగ్రిడ్ తనకు తెలిసిన పనే మొదలుపెట్టింది. రోజూ ఒక కాగితం మీద బొమ్మ వేసి, కింద రెండు ముక్కలు రాసి, మడిచి, మణి పేరు రాసి, తలుపు కింద నుంచి లోపలికి తోసేది. మొదటి ఉత్తరంలో ఇల్లు, సైకిలు, మంచం ఉన్నాయి. టీచరమ్మ దాన్ని చూసి, “బాగున్నయ్యే గీసింది. బాగోలేనివి కూడా గియ్యమను” అన్నారు. అలా మిగతా ఉత్తరాలు వచ్చాయి. మణి తలుపు కొంచెం తెరిచి, కాగితం నా చేతికిచ్చి, “ఏముంది?” అనేది. నేను చదివేదాన్ని. ఇక్కడ చలి ఎక్కువ, చెవులు నొప్పి పుడతాయి. ఇక్కడ మొదట్లో నీ మాట ఎవరికీ అర్థం కాదు, నీకూ కోపం వస్తుంది. నీ రంగు పిల్లలు ఈ బడిలో లేరు, కొందరు నిన్ను వింతగా చూస్తారు. అలాంటి రోజు నువ్వు ఏడిస్తే నేను పక్కనే ఉంటాను. ఎరిక్ కూడా ఒకటి రాశాడు. తనకు జడ వెయ్యడం రాదనీ, నేర్చుకుంటాననీ. ఆ మధ్యాహ్నాలన్నీ నాకిప్పుడు ఒకే పొడుగాటి మధ్యాహ్నంగా గుర్తున్నాయి. చాపల వాసన, తలుపు సందులో ఒక కన్ను, ఇంగ్లీషు లోంచి తెలుగులోకి మెల్లగా దిగుతున్న నా గొంతు. ఆ గొంతు నాదేనా అని నాకే ఆశ్చర్యంగా ఉండేది.

పన్నెండో రోజున మణి తానే బయటికొచ్చి ఇంగ్రిడ్ వీపుమీద వాలి, “అక్కడ కోడిగుడ్డు ఉంటుందా?” అని అడిగింది. ఉంటుందని చెప్పింది ఇంగ్రిడ్. ఏ రోజో చెప్పలేదు, మణీ అడగలేదు.

రెండోసారి జడ్జిగారి గదిలోకి వెళ్ళాం. ఆయన ముందడిగినవే అడిగారు. “వీళ్ళతో వెళ్తావా?” అన్నారు.

“వెళ్ళిపోతా.”

“మళ్ళీ ఎప్పుడొస్తావు?”

మణి టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ ఎటో చూస్తున్నారు. “రాను. పెద్దయినాక చూస్తా” అంది మణి. జడ్జిగారు ముఖం పక్కకు తిప్పి నవ్వుకున్నారు. తర్వాత సంతకం పెట్టారు. ఎరిక్ ఏడుపు ఆపుకోలేక గది బయటికి వెళ్ళిపోయాడు.

వెళ్ళే రోజున పిల్లలంతా అలవాటు ప్రకారం గేటు దగ్గర వరసకట్టారు. ఇంగ్రిడ్ టీచరమ్మ ముందు నిలబడి చేతులు జోడించి, తెలుగులో “వెళ్ళొస్తాం” అంది. వంటింటివాళ్ళ దగ్గర నేర్చుకుందట. అందరూ మురిసిపోయారు. టీచరమ్మ మాత్రం, “అడుగు, నిజంగా వస్తారా అని” అన్నారు నాతో. అడగబుద్ధి కాలేదు, అయినా అడిగాను. ఇంగ్రిడ్ భర్తతో వాళ్ళ భాషలో మాట్లాడింది. రావాలనుంది, తెలియదు, మాట ఇవ్వలేము అని చెప్పింది. “అయితే ఆ మాట వద్దని చెప్పు” అన్నారు టీచరమ్మ. చెప్పాను. ఇంగ్రిడ్ తల ఊపింది. టీచరమ్మ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, తడుముకుంటూ, “వెళ్తాం” అంది.

మణి వరసలో ఉన్న పిల్లల్ని చూసింది. “వెళ్తున్నా” అంది. ‘మంచిది, రా’ అనడం తప్ప ఇంకేమీ నేర్చుకోని పిల్లలు ఏమనాలో తెలియక నిలబడిపోయారు. మన ఇళ్ళలో గుమ్మం దిగే మనిషితో ‘వెళ్ళు’ అని ఎవరూ అనరు. కోపంలో తప్ప అనరు. టీచరమ్మ వంగి ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టి, ప్రార్థన చేసినంతసేపు అలాగే ఉంచి, “వెళ్ళు తల్లీ” అన్నారు. జీపు కళ్ళాలు దాటి కనిపించకుండా పోయేదాకా చూశారు. తర్వాత వెనక్కి తిరిగి, “ఏందిరా ఆ చూపులు, అన్నం చల్లారిపోతోంది” అని పిల్లల్ని కసిరారు.

అక్కడ ఇంకో మూడేళ్ళు పనిచేశాను. ఏటా మణి దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చేది. మొదట తెలుగు అక్షరాలు పెద్దపెద్దగా, తర్వాత చిన్నగా, తర్వాత అసలు లేకుండా. టీచరమ్మ ప్రతి ఉత్తరాన్నీ నా చేత రెండుసార్లు చదివించుకునేవారు. ఒకసారి, బడిలో ఎవరో ఏదో అన్నారని మణి బాధపడుతోందని ఇంగ్రిడ్ రాసింది. అది చదివి నేను ఆగితే, “దాటెయ్యకు” అన్నారు. తర్వాత నాకు పెళ్ళయి నరసరావుపేట వెళ్ళాను. గుంటూరులో ఒక ఆసుపత్రిలో కౌన్సిలరుగా ఉద్యోగం దొరికింది. డాక్టర్లు ఇంగ్లీషులో చెప్పి వెళ్ళిపోయాక, దాన్ని ఇంటివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పే పని. ఇంటర్వ్యూలో ఈ పని మీరెందుకు చేయగలననుకుంటున్నారని అడిగితే, ఒక చాపల గది గురించి చెప్పబోయి మానుకున్నాను.

రెండువేల దశకం చివర్లో ఒకరోజు నా గది ముందు వరసలో ఆవిడే కూర్చుని ఉన్నారు. కనిగిరిలో తమ్ముడి ఇంట్లో ఉంటున్నారట అప్పటికి. తమ్ముడి కొడుకు వెంట వచ్చాడు. చిక్కిపోయారు, చీర మాత్రం అదే తెలుపు. డాక్టరు రాసిన కాగితం నా బల్లమీద ఉంది. చదివాను. ఇంకోసారి చదివాను. తమ్ముడి కొడుకు ఆవిడ వెనక నిలబడి, చెప్పొద్దని నాకు తల అడ్డంగా ఊపుతున్నాడు. చెయ్యి నోటికి అడ్డం పెట్టి బతిమాలుతున్నాడు. పాపం అతనిలో నేను నన్నే చూశాను. మందులు వాడదాం, బలానికి టానిక్కు రాస్తారు, నెల తర్వాత వద్దురుగాని అని వాక్యాలన్నీ నా నాలుక చివరకు వచ్చి నిలబడ్డాయి. ఎంత తియ్యగా ఉన్నాయో అవి.

“ఏమన్నాడే డాక్టరు?” అన్నారు టీచరమ్మ.

కుర్చీ ఆవిడ దగ్గరకు జరుపుకున్నాను. చెయ్యి పట్టుకున్నాను. క్యాన్సరు కాలేయానికి పాకిందనీ, ఆపరేషనుకు వీల్లేదనీ, నొప్పి తెలియకుండా మందులు మాత్రం ఇస్తారనీ చెప్పాను.

“ఎన్నాళ్ళు?”

“మూడు నెలలు ఉంటే ఎక్కువండి.”

తమ్ముడి కొడుకు బయటికి వెళ్ళిపోయాడు. టీచరమ్మ నన్ను పాఠం అప్పజెప్పిన పిల్లను చూసినట్టు చూశారు. “ఏమీ కలపలేదుగా?” అన్నారు.

“లేదండి.”

“మణికి నేనింత బాగా చెప్పలేకపోయానే. జడ రెండుసార్లు విప్పాను” అని నా చెంప తట్టారు. అప్పుడు ఏడ్చాను. కౌన్సిలరు ఏడవకూడదని మాకు శిక్షణలో చెబుతారు. ఆవిడ నన్ను ఏడవనిచ్చి, తన కొంగుతో నా ముఖం తుడిచి, మెల్లగా లేచారు.

గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశారు. నేను ఆదివారం కనిగిరి వస్తాననబోయాను. ఆ ఆదివారం నాకు డ్యూటీ ఉంది. పై ఆదివారం కూడా ఉంది. నోరు మూసుకున్నాను.

“వెళ్తానే ప్రసన్నా” అన్నారు ఆవిడ.

నేను లేచి గుమ్మం దాకా వెళ్ళాను. ఆవిడ తొందరపడలేదు, నిలబడే ఉన్నారు.

“వెళ్ళండి టీచరమ్మా” అన్నాను.